బొమ్మా? బొరుసా?

(రాత్రిబడిలో ఇచ్చిన ఉపన్యాసం. అందరూ చదువుకోవడానికి వీలుగా రాసినది.)

అక్కలారా, పిన్నులారా, అత్తలారా!

ఈ రోజు పలకలు కాసేపు పక్కన పెట్టండి. కొంగున కట్టుకున్న చిల్లర తియ్యండి. తలా ఒక రూపాయి బిళ్ళ చాలు. నేను తీసుకోను లెండి. మీ రూపాయి మీ దగ్గరే ఉంటుంది.

బిళ్ళకు ఒక పక్క సింహాలున్నాయి. అది బొమ్మ. రెండో పక్క అంకె ఉంది. అది బొరుసు. చిన్నప్పుడు మనందరం ఆడిన ఆటే.

ఇప్పుడు బిళ్ళను పైకి ఎగరెయ్యండి. ఏది పడుతుందో ముందే చెప్పగలరా? చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఎంత చదివినవాళ్ళూ చెప్పలేరు. కానీ ఒక మాట మాత్రం చెప్పగలం. బొమ్మ పడే వీలు సగం. బొరుసు పడే వీలు సగం. పెద్ద చదువుల్లో ఈ 'వీలు'ను సంభావ్యత అంటారు. నోరు తిరగని మాట. మనం వీలు అనే అనుకుందాం.

మన అష్టాచెమ్మ గవ్వలతో ఈ లెక్క కుదరదు. గవ్వకు ఒక పక్క బోర్లా, ఒక పక్క వెల్లకిలా. రెండు పక్కలూ ఒక తీరుగా ఉండవు. అందుకని సగం సగం పడతాయని చెప్పలేం. వేసి, లెక్కపెట్టి చూడాల్సిందే. బిళ్ళ అయితే రెండు పక్కలా దాదాపు ఒకటే. అందుకే బిళ్ళ తెమ్మన్నాను.

ఇప్పుడు ఒక్కొక్కరు 20 సార్లు ఎగరెయ్యండి. బొమ్మ పడితే పుస్తకంలో 'బొ' అని రాయండి. బొరుసు పడితే ఒక సున్నా చుట్టండి. పడ్డది పడ్డట్టు వరసగా రాయండి. నచ్చలేదని కొట్టెయ్యకూడదు.

రాశారా? సరే. సగం సగం అన్నాం కదా. మరి అందరికీ పది బొమ్మలు, పది బొరుసులు వచ్చాయా? రావు. ఆరుగురు వేస్తే ఒకరికి సరిగ్గా పది పడితే పడొచ్చు. మిగిలినవాళ్ళకు తొమ్మిది, పన్నెండు, ఎనిమిది, ఇలా పడతాయి. పదిమంది వేస్తే దాదాపు తొమ్మిదిమందికి బొమ్మలు 7 నుంచి 13 లోపల ఉంటాయి. అది మామూలు. బిళ్ళలో దోషం లేదు. వేసిన చేతిలోనూ దోషం లేదు.

ఇంకో సంగతి చూడండి. మీరు రాసిన వరసలో ఒకటే రకం నాలుగు పక్కపక్కనే ఉన్నాయా? నాలుగు బొమ్మలు గానీ, నాలుగు సున్నాలు గానీ? వెతకండి. ఇరవైసార్లు వేస్తే నలుగురిలో ముగ్గురికి అలాంటి వరస ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. నమ్మబుద్ధి కాదు. నాకూ మొదట కాలేదు. శిక్షణలో మా మేడం చెబితే, ఇంటికి పోయి వేసి చూశాకే నమ్మాను.

నాలుగు బొరుసులు వరసగా పడ్డాయనుకోండి. ఐదోసారి ఏం పడుతుంది? "ఇన్ని బొరుసులు పడ్డాయి కదా, ఈసారి బొమ్మే" అంటారు కొందరు. "దీనికి బొరుసు పట్టుకుంది, మళ్ళీ బొరుసే" అంటారు ఇంకొందరు. రెండూ తప్పే. ముందు ఏం పడిందో బిళ్ళకు ఏం తెలుసు? అది రాసిపెట్టుకుందా? మళ్ళీ సగం సగమే.

ఈ ఆట ఎందుకు ఆడించానో మీలో కొందరికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఇంట్లో కాన్పు అవుతుంది. బయట వాకిట్లో అందరూ ఒకటే మాట అడుగుతారు. తల్లి ఎట్లా ఉంది అని కాదు. ఆడా, మగా అని.

మొన్న క్లాసు అయ్యాక ఒక అక్క వెనకాల ఆగింది. ఆమెకు ముగ్గురు ఆడపిల్లలు. "ఇంకొక్క కాన్పు చూద్దామంటోంది మా అత్త. ముగ్గురూ ఆడపిల్లలే అయ్యారు, ఇక నాలుగోవాడు తప్పకుండా మగపిల్లాడే అంటోంది. ఏం చెప్పమంటావు అమ్మాయ్?" అని అడిగింది. ఆపరేషన్‌కు పోదామనుకుంటే ఇంట్లో పోనివ్వడం లేదట. ఆ అక్క పేరు చెప్పను. ఆమెకు చెప్పిన జవాబే అందరికీ చెబుతున్నాను. ఎందుకంటే ఆ అత్త మాట ఒక్క ఇంటిది కాదు.

ముందు బిడ్డ ఆడో మగో ఎట్లా తేలుతుందో చూద్దాం.

తల్లి దగ్గర నుంచి ఒక కణం, తండ్రి దగ్గర నుంచి ఒక కణం కలిస్తే బిడ్డ. ఈ కణాలు కంటికి ఆనవు. తల్లి కణాలన్నీ ఒకే రకం. వాటిని ఎక్స్ రకం అంటారు. తండ్రి కణాలు రెండు రకాలు. కొన్ని ఎక్స్, కొన్ని వై. దాదాపు సగం సగం. తల్లి కణంతో తండ్రి ఎక్స్ కణం కలిస్తే ఆడపిల్ల. తండ్రి వై కణం కలిస్తే మగపిల్లాడు. తల్లి దగ్గర వై లేనే లేదు. లేనిదాన్ని ఆమె ఎక్కడ నుంచి తెచ్చి ఇస్తుంది?

ఈ సంగతి 1905లో తేల్చినవాళ్ళలో ఒకామె నెట్టీ స్టీవెన్స్. అమెరికా దేశస్థురాలు. ముందు బడిపంతులమ్మగా పనిచేసి, తర్వాత పెద్ద చదువు చదివింది. ఆమె పట్టి చూసింది ఏనుగునో గుర్రాన్నో కాదు. పిండికి పట్టే ఒక రకం పురుగును. మనం జల్లెడ పట్టి పారబోసే లాంటి పురుగే! దాని కణాలను భూతద్దం కన్నా ఎన్నో రెట్లు పెద్దగా చూపే యంత్రంలో చూసింది. ఆడా మగా తేల్చేది మగపురుగు కణమే అని కనుక్కుంది. మనుషుల్లోనూ అంతే.

అయితే ఇక మొగుళ్ళను తిట్టొచ్చు అనుకుంటున్నారా? నవ్వుతున్నారు గానీ, అదీ న్యాయం కాదు. ఏ కణం ముందు పోయి కలవాలో ఆయన చేతిలోనూ లేదు. ఆయనా బిళ్ళ ఎగరేసినవాడే. ఏది పడుతుందో ఆయనకూ తెలియదు.

సరిగ్గా సగమా అంటే, కాస్త తేడా ఉంది. ఎక్కడైనా 100 మంది ఆడపిల్లలు పుడితే 105 మంది దాకా మగపిల్లలు పుడతారు. అంటే వంద కాన్పుల్లో మగపిల్లలు 51 మంది, ఆడపిల్లలు 49 మంది. ఆ చిన్న తేడా సంగతి తర్వాత వస్తుంది. ఇప్పటికి సగం సగం అనుకుందాం.

ఇప్పుడు ఆ అత్తగారి లెక్క వేద్దాం. పుస్తకాలు తియ్యండి.

ఒక ఊళ్ళో 16 మంది కొత్త కోడళ్ళు ఉన్నారనుకుందాం. ప్రతి ఇంట్లోనూ ఒకటే పట్టు. మగపిల్లాడు పుట్టేదాకా కనాల్సిందే. మగపిల్లాడు పుట్టగానే ఆపరేషన్.

మొదటి కాన్పు. 16 మంది కన్నారు. 8 మంది మగపిల్లలు, 8 మంది ఆడపిల్లలు. మగపిల్లాడు పుట్టిన 8 మంది ఆగిపోయారు.

రెండో కాన్పు. మిగిలిన 8 మంది కన్నారు. 4 మగ, 4 ఆడ. నలుగురు ఆగిపోయారు.

మూడో కాన్పు. మిగిలిన నలుగురు కన్నారు. 2 మగ, 2 ఆడ. ఇద్దరు ఆగిపోయారు.

నాలుగో కాన్పు. మిగిలిన ఇద్దరు కన్నారు. 1 మగ, 1 ఆడ.

ఇప్పుడు కూడండి. మగపిల్లలు 8, 4, 2, 1. మొత్తం 15. ఆడపిల్లలు 8, 4, 2, 1. మొత్తం 15. ఎన్నిసార్లు కూడినా అంతే. ఊరు ఊరంతా మగపిల్లాడి కోసం పట్టుబట్టింది. అయినా ఊళ్ళో మగపిల్లలు ఆడపిల్లల కన్నా ఒక్కరు కూడా ఎక్కువ కాలేదు. ఎందుకంటే ప్రతి కాన్పూ కొత్తగా ఎగరేసిన బిళ్ళే.

ఇంతకీ పదహారో ఇల్లు ఏమైంది? ఆ ఇంట్లో నలుగురూ ఆడపిల్లలే. ఆ కోడలు ఏ తప్పు చేసింది? ఆమె ఏం తిన్నది, ఎవరి ఎదురు వచ్చింది, ఏ నక్షత్రంలో పుట్టింది అని ఊరంతా వెతుకుతారు. వెతకాల్సిన పనేం లేదు. పదహారు ఇళ్ళు ఉంటే ఇంచుమించు ఒక ఇంట్లో అట్లా జరుగుతుంది. అది ఆమె ఇల్లు అయింది. పక్క ఇల్లు కూడా అయ్యుండొచ్చు. మగపిల్లలు మాత్రమే పుట్టే ఇళ్ళూ అట్లాగే ఉంటాయి. ఆ ఇంటి కోడలిని ఎవరూ ఏమీ అనరు. ఎందుకనో నేను చెప్పక్కరలేదు.

కొన్ని కుటుంబాల్లో ఒకే రకం పుట్టడం కొంచెం ఎక్కువగా ఉంటుందేమోనని పరిశోధకులు చూస్తున్నారు. ఉన్నా అది కొద్దిపాటి తేడా. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు కాబట్టి నాలుగోవాడు ఖాయంగా మగవాడని చెప్పే లెక్క మాత్రం ఎక్కడా లేదు.

కాబట్టి ఆ అక్కకు నాలుగో కాన్పులో మగపిల్లాడు పుట్టే వీలు సగమే. మొదటి కాన్పులో ఎంతో, ఇప్పుడూ అంతే. రేపు నాలుగో బిడ్డా ఆడపిల్ల అయితే అత్త ఏమంటుంది? ఐదోది చూద్దామంటుంది. సగం వీలు కోసం ఒళ్ళు పూర్తిగా పెట్టాల్సింది మాత్రం ఆ అక్కే. కాన్పు కాన్పుకూ ఒంట్లో రక్తం తగ్గుతుంది. నాలుగో కాన్పు మొదటి కాన్పంత తేలిక కాదని నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పింది. అత్తగారిని కూడా ఒక సాయంత్రం ఇక్కడికి తీసుకురమ్మన్నాను. ఆమెతో పోట్లాడటానికి కాదు. ఆమె చేతే బిళ్ళ ఎగరేయిద్దాం.

ఇక మందుల సంగతి. ఇది మాట్లాడాలంటే నాకు కోపం వస్తుంది. కోపం పక్కన పెట్టి లెక్క చెబుతాను.

సంతలో ఒకాయన కూర్చుంటాడు. బస్సు స్టాండు దగ్గర ఇంకొకాయన. "నెల తప్పిన వెంటనే ఈ మందు వాడితే మగపిల్లాడే. కాకపోతే డబ్బు వాపసు" అంటాడు. డబ్బు వాపసు అనగానే మనకు నమ్మకం కలుగుతుంది. మోసగాడైతే డబ్బు ఎందుకు తిరిగిస్తాడు అనుకుంటాం. ఆ మాటలోనే ఉంది కిటుకు.

మందు ధర 500 రూపాయలు అనుకుందాం. వంద మంది కొన్నారు. అతని చేతికి వచ్చింది 50,000. ఆ మందు వట్టి సుద్దపొడి అనుకోండి. వంద మందిలో దాదాపు 50 మందికి మగపిల్లలు పుడతారు. మందు వాడకపోయినా పుట్టేవాళ్ళే. మిగిలిన 50 మందికి ఆడపిల్లలు పుట్టారు. వాళ్ళందరూ వచ్చి అడిగారనుకుందాం. తలా 500 చొప్పున 25,000 తిరిగిచ్చేశాడు. నిజాయితీపరుడే! ఇంకా అతని దగ్గర ఎంత మిగిలింది? 25,000. దేనికి? సుద్దపొడికి. అసలు అందరూ అడగడానికి పోరు. బాలింతరాలు ఊరు దాటి పోగలదా? సిగ్గుపడి కొందరు పోరు. అప్పుడు ఇంకా ఎక్కువ మిగులుతుంది.

ఆ తర్వాత ఏమవుతుంది? మగపిల్లాడు పుట్టిన 50 మందీ పది ఊళ్ళలో చెబుతారు. "ఆయన మందు వల్లే పుట్టాడు" అని. ఆడపిల్ల పుట్టిన 50 మందీ నోరు మెదపరు. చెబితే "నువ్వు పథ్యం సరిగా చెయ్యలేదు" అంటారని భయం. మన చెవిన పడేది ఒక పక్క మాటే. అందుకే ఆ మందు గొప్పగా పనిచేస్తుందనిపిస్తుంది.

ఎవరైనా "మా వదినకు ఆ మందుతో మగపిల్లాడు పుట్టాడు" అంటే వాదం పెట్టుకోవద్దు. ఒక్క ప్రశ్న అడగండి. "ఎంతమంది వాడితే ఎంతమందికి పుట్టారు?" ఆ ఒక్క ప్రశ్న చాలు. వందలో 51 మందికి పుట్టారంటే మందు ఏమీ చెయ్యలేదన్నమాట. వందలో 51 మంది ఎట్లాగూ పుడతారు.

దేవుడికి మొక్కుకోవడం వేరు. అది ఎవరి నమ్మకం వారిది. దాని జోలికి నేను పోను. డబ్బు తీసుకుని హామీ ఇచ్చేవాడి సంగతే నేను చెబుతున్నాను.

సుద్దపొడి అయితే డబ్బుతో పోతుంది. మందులో ఏం కలిపాడో మనకు తెలియదు కదా! అవి వాడమనేది నెల తప్పిన కొత్తలో. బిడ్డకు గుండె, వెన్నెముక, కాళ్ళు చేతులు ఏర్పడే రోజులవే. హర్యానాలో ఇలాంటి మందుల మీద పరిశోధన చేశారు. పుట్టుకతో లోపాలున్న బిడ్డల తల్లులనూ, మామూలు బిడ్డల తల్లులనూ అడిగి చూశారు. లోపాలున్న బిడ్డల తల్లుల్లో ఈ మందులు తిన్నవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి కడుపుతో ఉన్న మనిషి నర్సమ్మ గానీ డాక్టరు గానీ ఇచ్చిన మాత్రలు తప్ప ఇంకేమీ మింగకూడదు.

ఇప్పుడు ఆ చిన్న తేడా దగ్గరికి వద్దాం. 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు అన్నాను. దాన్నే తిప్పి చెబితే, వెయ్యి మంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు ఉండాలి. సర్కారు వారు జనాభా లెక్కలు రాసినప్పుడు ఆరేళ్ళ లోపు పిల్లలను విడిగా లెక్కపెడతారు. దేశం మొత్తం మీద వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలు ఉన్నారు. 2001లో 927. 2011లో 919. చూశారా, మెట్లు దిగినట్టు ఎట్లా దిగిందో!

ఇది బిళ్ళ పడ్డ తీరు కాదు. ఇరవైసార్లు వేస్తే 7 పడొచ్చు, 13 పడొచ్చు. కోట్లసార్లు వేస్తే ఇంత తేడా దానంతట అది రాదు. ఎవరో బిళ్ళ మీద చెయ్యి పెట్టారన్నమాట. ఎట్లా పెట్టారు? కొందరు స్కానింగు చేయించి, ఆడపిల్ల అని తెలిస్తే కడుపు తీయించేశారు. కొందరు పుట్టిన ఆడపిల్లకు జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఏ ఇంట్లో జరిగిందో లెక్క చెప్పదు. జరిగిందని మాత్రం లెక్క చెబుతుంది.

స్కానింగు చెడ్డది కాదు. బిడ్డ ఎదుగుదల చూడటానికి డాక్టరు రాస్తే తప్పకుండా చేయించుకోవాలి. ఆడా మగా అని అడగడం, చెప్పడం నేరం. దీనికి 1994లో చట్టం చేశారు. 2003లో దాన్ని ఇంకా గట్టిగా మార్చారు. చెప్పిన డాక్టరుకు మూడేళ్ళ దాకా జైలు. అడిగి చేయించిన మొగుడికీ, అత్తమామలకూ శిక్ష ఉంది. కడుపుతో ఉన్న ఆడమనిషిని ఇంట్లోవాళ్ళు బలవంతం చేశారనే చట్టం ముందు అనుకుంటుంది. కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. ఎవరైనా మిమ్మల్ని బలవంతంగా తీసుకుపోతే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కలెక్టరు గారికి కాగితం రాసి ఇవ్వొచ్చు. కాగితం రాయడం మీకు ఇప్పుడు వచ్చు కదా!

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క విని రేపు పొద్దున్నే ఊళ్ళో ఎవరినో అనుమానించకండి. మన ఊళ్ళో ఏడాదికి 20 కాన్పులు అయ్యాయనుకోండి. వాటిలో ఆడపిల్లలు 8 మందే అయితే? అది మామూలే. 7 నుంచి 13 దాకా మామూలని ఇందాక బిళ్ళతో చూశాం. అదే మండలం మొత్తం మీద 1000 కాన్పులు అయ్యాయనుకోండి. 490 మందికి కాస్త అటూ ఇటూగా ఆడపిల్లలు ఉండాలి. 420 మందే ఉంటే? అప్పుడు గట్టిగా అడగాలి. తక్కువ లెక్కలో ఊగుడు ఎక్కువ. లెక్క పెరిగేకొద్దీ ఊగుడు తగ్గుతుంది. త్రాసు ముల్లు మొదట ఊగి ఊగి తర్వాత నిలబడినట్టు.

"అయితే మన ఒక్క ఊరి లెక్క రాయడం ఎందుకు?" అని ముందు వరసలో అత్త అడుగుతోంది. మంచి ప్రశ్న. ఒక ఏడాది లెక్కతో ఏమీ తేలదు. పదేళ్ళది కలిపితే రెండు వందల కాన్పులవుతాయి. పక్క ఊరి రాత్రిబడి వాళ్ళు కూడా రాస్తే ఇంకా బలం వస్తుంది. అంగన్‌వాడీ టీచరు పుట్టిన పిల్లల పుస్తకం చూపిస్తానంది.

వచ్చే సోమవారం ఆ పని మొదలుపెడదాం. పుస్తకంలో ఒక పేజీకి మధ్యలో నిలువు గీత గీసుకుని రండి. ఎడమ పక్క పైన 'ఆడ' అని రాయండి. కుడి పక్క పైన 'మగ' అని రాయండి. పిల్లల పేర్లు వద్దు, ఇంటి పేర్లు వద్దు. ఒక్కో బిడ్డకు ఒక్కో నిలువు గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా గీసి కట్ట కట్టండి. అప్పుడు ఐదులెక్కన తేలిగ్గా కూడొచ్చు. ఏడాది మారినప్పుడు కొత్త పేజీ తియ్యండి. పెన్సిలు కాదు, పెన్ను తెచ్చుకోండి.